గదే మొదటి స్పీకరు

గోల్కొండ కోట ప్రవేశద్వారం గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు కొండ కొసన ఉన్న బాలా హిస్సారులో వినిపిస్తుంది. మధ్య దూరం సుమారు ఒక కిలోమీటరు. శబ్దం అంత దూరం వెళ్లడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. అక్కడ మైకు లేదు, తీగ లేదు. వంపు తిరిగిన కప్పు, గట్టి రాతి గోడలు చప్పుడును మింగేయకుండా కూడగట్టి పైకి పంపుతాయి. చప్పట్లు కొట్టిన చేతులు చేసిన పని కొంతే, మిగతాదంతా రాయి చేసింది.

ఆ కోట పక్కనున్న లంగర్ హౌజ్ మీదుగా పడమటికి సాగేది బీజాపూర్ రోడ్డు. అది అప్పా జంక్షన్ దాటి, మర్రిచెట్ల వరుసల మధ్య నుంచి మొయినాబాద్‌కు, చేవెళ్లకు, మన్నెగూడకు పోతుంది. రోడ్డుకు పేరిచ్చిన బీజాపూర్‌లో ఉన్నది గోల్‌గుంబజ్. మహమ్మద్ ఆదిల్‌షా సమాధి మీద లేచిన ఆ గుమ్మటం వ్యాసం సుమారు 44 మీటర్లు. దాని లోపలి వరండాలో ఒకవైపు గోడకు నోరు దగ్గరపెట్టి గుసగుసలాడితే ఎదురువైపు నిలబడ్డ మనిషికి స్పష్టంగా వినిపిస్తుంది. గట్టిగా పిలిస్తే పిలుపు పలుమార్లు తిరిగొస్తుంది.

ఒక కొసన చప్పట్లు మోసే కోట, ఇంకో కొసన గుసగుసలు మోసే గుమ్మటం. వాటి నడుమ చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలోని ఫాంహౌసుల్లో, కొత్త ఇళ్లలో ఇప్పుడు ఒక కొత్త గది కనిపిస్తోంది. ఇంటివాళ్లు దాన్ని ‘థియేటర్ రూము’ అంటారు. పెద్ద తెర, ప్రొజెక్టరు, అయిదో ఏడో స్పీకర్లు, నేల అదిరించే సబ్ ఊఫరు. లక్షలు ఖర్చవుతాయి. స్విచ్చి వేశాక మాత్రం చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: “సౌండు పెద్దగానే ఉంది, డైలాగు అర్థం కావట్లేదు.” తప్పు స్పీకరుదనుకుని ఇంకా ఖరీదైనది తెస్తారు. తప్పు చాలాసార్లు గదిది. గోల్కొండలో రాయి చేసిన పనినే ఇక్కడ కూడా రాయి చేస్తోంది, మనం అడగకుండానే.

ఈ నేల మీద ఈ గది

ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. హైదరాబాద్ దాహం తీర్చిన ఈ రెండు చెరువుల పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో ప్రభుత్వం 111 జీవో తెచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు, కాలుష్యం వదిలే పరిశ్రమలకు అది అడ్డుకట్ట వేసింది. నగరం ఆకాశహర్మ్యాలతో పెరుగుతుంటే మొయినాబాద్ చుట్టుపక్కల పూలతోటలు, కూరగాయల మళ్లు, మధ్యమధ్య తోట ఇళ్లు మిగిలాయి. మెయిన్ రోడ్డు వదిలి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే రాత్రి కీచురాళ్ల రొద తప్ప ఏమీ వినపడని చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. సినిమా వినడానికి ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం.

అయితే ఈ ఇళ్లు కట్టే పద్ధతి గురించి ఆలోచించాలి. ఇటుక గోడ, దాని మీద సిమెంటు పూత, ఆపైన నున్నటి పుట్టీ. పైన కాంక్రీటు స్లాబు. కింద తాండూరు బండలో, గ్రానైటో, టైల్సో. ఒకవైపు తోట కనపడేలా పెద్ద అద్దాల తలుపు. ఇవన్నీ ఎండాకాలపు వేడికి, శుభ్రానికి మంచివే. శబ్దానికి మాత్రం ఇవన్నీ అద్దాలే. వెలుతురు అద్దం మీద పడి తిరిగొచ్చినట్టే, శబ్దం ఈ గోడల మీద పడి నూటికి 97 వంతులు తిరిగొస్తుంది. నూటికి రెండు మూడు వంతులే గోడలో ఇంకుతాయి.

సామాన్లు సర్దకముందు ఖాళీ గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగాక గదిలో ‘ట్ర్‌ర్‌ర్’మని ఒక తోక మిగులుతుంది. ఎదురెదురు గోడల మధ్య చప్పుడు బంతిలా ఎగురుతున్న గుర్తు అది. గోడల మధ్య 15 అడుగులుంటే శబ్దం పోయి రావడానికి 30 అడుగుల ప్రయాణం. సెకనుకు సుమారు 1125 అడుగుల వేగంతో లెక్క వేస్తే, సెకనులో 37 సార్లకు పైగా అది అటూ ఇటూ తిరుగుతుంది. సినిమాలో ప్రతి మాటకూ ఇదే తోక తగులుతుంది.

కుషన్లు మోసిన ప్రొఫెసరు

ఈ తోకను మొదట కొలిచి లెక్కగట్టినవాడు వాలెస్ సేబిన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో పాఠం ఎవరికీ అర్థం కావడం లేదు. దాన్ని బాగుచేయమని యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడైన సేబిన్‌కు అప్పగించారు. ఖాళీ హాల్లో ఒక శబ్దం పూర్తిగా మాయమవడానికి అయిదున్నర సెకన్లకు పైగా పడుతోంది. మనిషి ఒక వాక్యం ముగించి రెండోది మొదలుపెట్టినా మొదటిది ఇంకా గాలిలోనే తిరుగుతోందన్నమాట.

సేబిన్ చేసిన పని ఎంతో సాదాది. ఊరు నిద్రపోయాక, దగ్గరలోని సాండర్స్ థియేటరు సీట్ల మీది కుషన్లు మోసుకొచ్చి హాల్లో పరిచేవాడు. ఒక ఆర్గాన్ గొట్టాన్ని మోగించి, ఆపి, చప్పుడు ఎంతసేపటికి చెవికి అందకుండా పోతుందో కాలమాపకంతో కొలిచేవాడు. ఇంకొన్ని కుషన్లు వేసి మళ్లీ కొలిచేవాడు. తెల్లారేలోపు అన్నీ తిరిగి చేర్చేవాడు. ఇలా కొన్నేళ్లు శ్రమించాక 1898లో ఆయనకు సూత్రం దొరికింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆ సూత్రం ఆధారంగా కట్టినదే. ప్రపంచంలోని ఉత్తమ సంగీతశాలల్లో ఒకటిగా దానికి నేటికీ పేరుంది.

శబ్దం ఆగాక గదిలో మిగిలే ఆ తోకకు తెలుగులో ప్రతినాదం అని పేరు. సేబిన్ సూత్రం ప్రకారం ప్రతినాద కాలం గది ఘనపరిమాణంతో పెరుగుతుంది, గదిలోని మొత్తం శోషణతో తగ్గుతుంది. ఘనపు మీటర్లలో గది పరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో భాగిస్తే సెకన్లు వస్తాయి. శోషణ అంటే ప్రతి తలం వైశాల్యాన్ని, అది శబ్దాన్ని మింగే పాలుతో గుణించి కూడిన మొత్తం. తెరిచిన కిటికీ మీద పడిన శబ్దమంతా బయటికే పోతుంది కనుక దాని పాలు 1. సిమెంటు గోడది సుమారు 0.03.

మన ఊళ్ల కొలతతో ఒక గది తీసుకుందాం: పొడవు 20 అడుగులు, వెడల్పు 15, ఎత్తు 10. ఘనపరిమాణం 85 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి దాదాపు 121 చదరపు మీటర్లు. అంతా సిమెంటు, బండే అయితే శోషణ 3.6. లెక్క వేస్తే ప్రతినాద కాలం 3.8 సెకన్లు. ఇంట్లో సినిమా చూసే ఇంత గదికి కావలసింది 0.3 నుంచి 0.4 సెకన్లు. అంటే మన గది అవసరానికి పది రెట్లు ఎక్కువగా మోగుతోంది.

ఇప్పుడు మందపాటి కార్పెట్టు 15 చదరపు మీటర్లు వేయండి, పాలు 0.4 అనుకుంటే 6 కలిసింది. మెత్తటి సోఫాలు, వాటిలో ఆరుగురు మనుషులు కలిసి ఇంకో 6. గోడల మీద, కప్పు మీద రెండంగుళాల మందం మినరల్ ఉన్ని పలకలు 25 చదరపు మీటర్లు, పాలు 0.85 చొప్పున 21. మొత్తం శోషణ 36 దాటింది. ప్రతినాద కాలం 0.37 సెకనుకు దిగింది. గది మారింది, స్పీకరు మారలేదు.

తెలుగు మాటకు ఈ తోక ఎందుకు శత్రువు

తెలుగు అజంత భాష. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. పాటకు అది వరం. సాగదీయడానికి ప్రతి మాట చివరా ఒక అచ్చు సిద్ధంగా ఉంటుంది. మోగే గదిలో మాత్రం అదే చిక్కు. అచ్చుల్లో శక్తి ఎక్కువ, అది ఎక్కువగా కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. హల్లులు పొట్టివి, బలహీనమైనవి, వాటి గుర్తులు చాలావరకు రెండు మూడు వేల హెర్ట్జ్ పైన ఉంటాయి. ఒక మాట చివరి అచ్చు గదిలో మోగుతూ ఉండగానే తర్వాతి మాట మొదటి హల్లు వస్తుంది. ఆ మోతలో హల్లు మునిగిపోతుంది.

పాలు, కాలు, చాలు, వాలు. ఈ నాలుగింటికీ తేడా మొదటి హల్లు ఒక్కటే. అది పోతే మిగిలేది ‘ఆలు’. డైలాగు అర్థం కావట్లేదని సౌండు పెంచితే అచ్చు పెరుగుతుంది, దాని తోకా పెరుగుతుంది. హల్లు మునిగే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ కష్టం రెట్టింపు, ఎందుకంటే వయసుతో మొదట మందగించేది పై పౌనఃపున్యాల వినికిడే. తాతకు వినపడటం లేదని అనుకునే ముందు గది ఎంత మోగుతోందో చూడాలి.

పరుపు, గుడ్ల అట్ట, థర్మోకోలు

శబ్దాన్ని మింగేవి ఏవి? గాలి లోపలికి చొరబడగల పీచు పదార్థాలు. శబ్దమంటే గాలి రేణువుల కదలిక. అవి సన్నటి పీచుల మధ్య అటూ ఇటూ రాసుకుంటూ తిరిగితే ఆ కదలిక ఘర్షణతో ఆవిరై, కొలవలేనంత కొద్ది వేడిగా మారుతుంది. పత్తి ఏకిన దూది అందుకు చక్కటి ఉదాహరణ. దూది పరుపు వేసిన గదిలో మాట ఎంత నెమ్మదిగా, దగ్గరగా వినిపిస్తుందో మనందరికీ అనుభవమే. సేబిన్ మోసిన కుషన్లూ, మన ఇళ్లలోని పరుపులూ చేసే పని ఒక్కటే. కాకపోతే దూది తొందరగా అంటుకుంటుంది. కరెంటు తీగలున్న మూసిన గదిలో గోడలకు కొట్టవలసింది నిప్పుకు తట్టుకునే రాతి ఉన్ని, గాజు ఉన్ని పలకలు. వాటి పీచు ఊపిరితిత్తుల్లోకి పోకుండా చుట్టూ గాలి ఆడే గుడ్డ బిగించాలి.

కోడిగుడ్ల అట్టలు గోడలకు అంటించడం మన దగ్గర పాత అలవాటు. పలచటి అట్ట పై స్వరాలను కాస్త చెదరగొడుతుంది తప్ప మాటను గానీ మోతను గానీ మింగలేదు. థర్మోకోలు లోపల గాలి ఉన్నా ఆ గాలి బుడగలన్నీ మూసుకుపోయి ఉంటాయి, శబ్దం లోపలికి పోదు. చలిని ఆపే వస్తువు చప్పుడును ఆపుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు.

మందం కూడా ముఖ్యమే. గోడను ఆనుకుని గాలి కదలదు. కదలిక ఎక్కువగా ఉండేది గోడకు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దూరాన. 1700 హెర్ట్జ్ శబ్దానికి ఆ దూరం అయిదు సెంటీమీటర్లు, అంటే రెండంగుళాల పలక సరిపోతుంది. 100 హెర్ట్జ్‌కు అది 86 సెంటీమీటర్లు. అందుకే పలచటి పలకలతో గది నింపితే పై స్వరాలు చచ్చి కింది మోత అలాగే మిగులుతుంది. పలకను గోడకు అంటించకుండా రెండు మూడంగుళాల ఎడం వదిలితే అదే పలక ఇంకొంచెం కిందికి పనిచేస్తుంది. మూలల్లో మందంగా, నిలువెత్తున వేస్తే ఇంకా మంచిది.

పలకలు ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న అద్దం చాలు. మీరు చూసే చోట కూర్చోండి. ఇంకొకరిని పక్క గోడ వెంట చిన్న అద్దం జరుపుతూ నడవమనండి. అద్దంలో మీకు స్పీకరు కనపడిన చోటే శబ్దం మొదటిసారి తగిలి మీ చెవికి వస్తోంది. అక్కడ ఒక పలక. రెండో గోడకూ, కప్పుకూ ఇలాగే. ఈ మూడు నాలుగు చోట్లు కప్పితేనే తేడా వినిపిస్తుంది.

20, 15, 10 అనే చిక్కు

కింది స్వరాల సంగతి వేరు. 28 హెర్ట్జ్ తరంగం పొడవు 40 అడుగులు. అంత పొడవు తరంగం 20 అడుగుల గదిలో సరిగ్గా సగం ఇముడుతుంది. అది గోడలకు తగిలి వెనక్కు వచ్చి, తనతో తానే కలిసి, గదిలో కదలని ఆకారంగా నిలబడిపోతుంది. భౌతికశాస్త్రంలో దీన్ని స్థిర తరంగం అంటారు. గోడల దగ్గర ఒత్తిడి విపరీతం, గది నట్టనడుమ శూన్యం. ఒకే గదిలో వెనక సోఫాలో కూర్చున్నవారికి గుండె అదిరితే మధ్య కుర్చీలో ఉన్నవారికి అదే దెబ్బ వినపడకపోవడం ఇందువల్లే.

మన ఊరి మేస్త్రీకి నచ్చే కొలతలు పెద్ద చిక్కు తెస్తాయి. 1125ను పొడవుకు రెట్టింపుతో భాగిస్తే 20 అడుగులకు 28.1 హెర్ట్జ్, 15కు 37.5, 10కి 56.25. వీటి రెట్లు కూడా మోగుతాయి. ఇప్పుడు చూడండి: 28.1కి నాలుగు రెట్లు 112.5. 37.5కి మూడు రెట్లు 112.5. 56.25కు రెండు రెట్లు 112.5. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిసి ఒకే స్వరం మీద గంట కొడతాయి. మగగొంతు కింది అంచు, మృదంగం తొప్పి, డోలు దెబ్బ ఉండేది ఈ చుట్టుపక్కలే. ఆ ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా గది బొయ్‌మంటుంది.

1971లో లౌడెన్ అనే పరిశోధకుడు ఎన్నో నిష్పత్తులు పోల్చి, ఎత్తు 1 అయితే వెడల్పు 1.4, పొడవు 1.9 ఉన్న గదిలో ఈ స్వరాలు బాగా విడివిడిగా పరుచుకుంటాయని చూపాడు. పదడుగుల ఎత్తుకు 14 వెడల్పు, 19 పొడవు. పునాది తీయకముందే ఈ మార్పు చేస్తే ఖర్చు సున్నా. ఇల్లు కట్టేశాక చేస్తే లక్షలు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సమానంగా ఉండే గదిని మాత్రం థియేటరుకు ఎంచుకోవద్దు. అన్ని స్వరాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

గది అప్పటికే ఉంటే కుర్చీ జరపండి. గది నట్టనడుమా, వెనక గోడకు ఆనించీ కూర్చోవద్దు. ముందు గోడ నుంచి మూడింట రెండు వంతుల దూరం మంచి మొదలు, 20 అడుగుల గదిలో సుమారు 13 అడుగులు. సబ్ ఊఫరుకు చోటు వెతకడానికి ఒక తిరగేసిన పద్ధతి ఉంది. దాన్ని మీరు కూర్చునే సోఫాలో పెట్టి ఒక పాట మోగించండి. మీరు గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. మోత సమంగా, స్పష్టంగా వినపడిన చోట సబ్ ఊఫరు పెట్టండి. చోట్లు తారుమారైనా గది స్పందన ఒకటే కనుక ఈ పద్ధతి పనిచేస్తుంది. ఒక పెద్ద సబ్ ఊఫరు బదులు రెండు మధ్యరకానివి ఎదురెదురు గోడల మధ్యలో పెడితే అందరి కుర్చీల్లో మోత దాదాపు సమం అవుతుంది. 2002లో టాడ్ వెల్టీ ప్రచురించిన పరిశోధన ఈ సంగతే తేల్చింది.

చుట్టూ స్పీకర్లు ఎందుకు

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. అప్పుడు శబ్దమంతా తెర వెనక ఒకే దిక్కు నుంచి వచ్చేది. 1986లో ‘సింహాసనం’ తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రంగా ఆరు ట్రాకుల శబ్దంతో హాలును చుట్టింది. 2012లో వచ్చిన డాల్బీ అట్మోస్‌తో శబ్దం కప్పు మీదికీ ఎక్కింది, 2015 నాటి ‘బాహుబలి’ ఆ పద్ధతిలోనే సిద్ధమైంది. ఆ చిత్రాల్లో వాన నెత్తిన పడాలని, బాణం చెవి పక్కనుంచి పోవాలని శబ్దకారులు రోజుల తరబడి కష్టపడతారు. మోగే గది వాళ్లు ఏర్పరచిన దిక్కులన్నిటినీ కలిపి ఒకే రొద చేస్తుంది.

ముందున్న రెండు స్పీకర్లు మీ ముక్కుకు సూటి గీత నుంచి 22 నుంచి 30 డిగ్రీల మేర, చెవి ఎత్తులో ఉండాలి. మధ్య స్పీకరు తెరకు నేరుగా కిందో వెనకో ఉండాలి, డైలాగులో ఎక్కువ భాగం అదే మోస్తుంది కనుక డబ్బు మొదట దానికి పెట్టండి. పక్క స్పీకర్లు చెవులకు కొద్దిగా వెనకగా, 110 డిగ్రీల దగ్గర. ఈ కోణాలు తప్పితే ఎంత ఖరీదైన యాంప్లిఫయరూ సరిదిద్దలేదు.

కంటి లెక్క

ప్రొజెక్టరు నలుపును వేయలేదు. అది వెలుతురు వేయగలదు, ఆపగలదు, అంతే. తెర మీద నలుపు అంటే ప్రొజెక్టరు వెలుతురు పడనిచోట గదిలోని మిగతా వెలుతురులో తెర కనిపించే రంగు. తెల్లటి గోడలు తెర వెలుతురునే తిరిగి తెర మీదికి కొడతాయి, నలుపు బూడిదవుతుంది. అందుకే తెర చుట్టూ గోడలు, కప్పు ముందు భాగం నిగ్గులేని ముదురు రంగు వేయాలి. డబ్బా రంగు చేసే ఈ మేలు కోసం కొత్త ప్రొజెక్టరు కొనేవారున్నారు.

ఐమూలగా 120 అంగుళాల తెర అంటే వైశాల్యం సుమారు 43 చదరపు అడుగులు. చీకటి గదిలో థియేటరు ప్రమాణానికి తగిన కాంతి రావాలంటే తెర మీద పడవలసింది దాదాపు 700 ల్యూమెన్లు. తోట వైపు అద్దాల తలుపులు తెరిచి పగలు చూస్తే మాత్రం ఎన్ని వేల ల్యూమెన్లయినా చాలవు.

ఇక స్పష్టత. మామూలు కన్ను విడదీసి చూడగల కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. 13 అడుగుల దూరంలో అది 1.15 మిల్లీమీటర్లు. మన తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్క 1.38 మిల్లీమీటర్లు, కంటికి లీలగా దొరుకుతుంది. 4కే చుక్క 0.69 మిల్లీమీటర్లు, దొరకదు. కనుక ఇంత గదిలో 4కే చాలు. అంతకు మించిన చుక్కలకు పెట్టే డబ్బు కంటికి చేరదు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగుకు సినిమాస్కోపు తెచ్చింది. నేటి చిత్రాల్లో చాలావాటిది ఆ వెడల్పాటి ఆకారమే. అవి ఎక్కువగా చూసేవారు తెరనే ఆ ఆకారంలో తీసుకుంటే కిందా పైనా నల్లపట్టీలు తగ్గుతాయి.

గోడ అవతల

తొమ్మిదంగుళాల ఇటుక గోడ శబ్దాన్ని సుమారు 50 డెసిబెల్లు తగ్గిస్తుంది. మరి చప్పుడు బయటికెలా పోతోంది? తలుపు కింద చూడండి. మూడడుగుల తలుపు కింద అర అంగుళం సందు ఉంటే అది తలుపు వైశాల్యంలో 0.6 శాతం. ఆ ఒక్క సందు చాలు, తలుపు ఎంత బరువైనదైనా 22 డెసిబెల్లకు మించి ఆపలేదు. చిల్లు కుండకు మందం ఎంతైతేనేం? తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, కింద వాలే సీలు, తీగల రంధ్రాలకు సీలెంటు. ఇది గోడ మందం పెంచడంకంటే ఎన్నో రెట్లు చవక.

పల్లె రాత్రికి ఇంకో గుణం ఉంది. పొద్దుగూకాక నేల చల్లబడి, దాని మీది గాలి పైగాలికంటే చల్లనవుతుంది. చల్లటి గాలిలో శబ్దం నెమ్మదిగా నడుస్తుంది కనుక పైకి పోయే శబ్దం వంగి మళ్లీ నేలకు దిగుతుంది. పక్క ఊరి భజన పగలు వినపడక రాత్రి వినపడటం ఇందుకే. గండిపేట (ఉస్మాన్‌సాగర్) నీటి అంచున ఇది ఇంకా ఎక్కువ. మీ సబ్ ఊఫరు కూడా అలాగే పోతుంది. తెల్లవారుజామున లేచి పూలు కోసి మార్కెట్‌కు పంపవలసిన రైతు కుటుంబం ఆ చేను అవతలే నిద్రపోతోంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు హద్దు 45 డెసిబెల్లు. ఫాంహౌసు ప్రహరీ దగ్గర నిలబడి ఒక రాత్రి మీరే వినండి.

ఊపిరి, కరెంటు, చెద

సందులన్నీ మూశాక ఒక ప్రమాదం మొదలవుతుంది. కూర్చుని ఉన్న మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడు వదులుతాడు. ఆరుగురు మూడు గంటల సినిమా చూస్తే 324 లీటర్లు. 85 ఘనపు మీటర్ల మూసిన గదిలో అది పది లక్షల పాళ్లకు 3,800 పాళ్లు, అంటే బయటి గాలిలో ఉన్నదానికి తొమ్మిది రెట్లు అదనం. ఇంటర్వెల్ తర్వాత తలనొప్పి, కునుకు వస్తే నెపం సినిమా మీద వేయకండి. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. లోపల ఉన్ని పరిచిన వంకర గొట్టం ద్వారా నెమ్మదిగా తిరిగే ఫ్యానుతో బయటిగాలి తప్పక తేవాలి.

ఊరి చివరి లైన్లలో వోల్టేజీ ఎగుడుదిగుడులు, వానాకాలం పిడుగులు మామూలే. సరైన ఎర్తింగ్, పిడుగు దెబ్బ ఆపే సర్జ్ ప్రొటెక్టరు ముందు పెట్టండి. అన్ని పరికరాలకూ ఎర్తు ఒకేచోట కలవాలి, రెండు చోట్లుంటే 50 హెర్ట్జ్ గుర్రు స్పీకర్లలో వినిపిస్తుంది. చెక్క చట్రాలు బిగించే ముందు చెద మందు కొట్టడం, గోడకు తేమ లేకుండా చూడటం మరవద్దు.

ఏది ముందు, ఏది వెనక

గదిని మెరుగుపరచాలనుకున్నప్పుడు చాలామంది మొదట మార్చేది యాంప్లిఫయరు. 100 వాట్ల నుంచి 200 వాట్లకు పోతే పెరిగేది 3 డెసిబెల్లు, చెవికి కాస్త తేడా. చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 డెసిబెల్లు పెరగాలి, అందుకు పది రెట్ల వాట్లు కావాలి. గదిని సరిచేస్తే ప్రతినాద కాలాన్ని పదోవంతుకు దించవచ్చని పైన లెక్క చూశాం.

కనుక వరుస ఇది. మొదట కుర్చీలు, స్పీకర్లు సరైన చోట్లకు జరపండి, ఖర్చు లేదు. తర్వాత తలుపు సందులు, గోడ రంగు. ఆపైన కార్పెట్టు, పలకలు, మూలల్లో మందపాటి ఉన్ని, గాలి గొట్టం. తర్వాత మధ్య స్పీకరు, రెండో సబ్ ఊఫరు. అన్నిటికీ చివర ప్రొజెక్టరు, యాంప్లిఫయరు. ఇవి అయిదారేళ్లకు పాతబడతాయి. సరిగ్గా కట్టిన గది ఇల్లున్నంతకాలం పనిచేస్తుంది.

ఇల్లు కట్టేవారికి నా మనవి ఒకటే. దుకాణానికి బయలుదేరేముందు గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు వెంటనే ఆగితే మీ గది సినిమాకు సిద్ధంగా ఉంది. తోక వినిపిస్తే పర్సు జేబులో పెట్టి, ముందు కార్పెట్టూ ఉన్నీ తెచ్చుకోండి.